రెండో అంతస్తు

మార్చి 3

"అన్నయ్యా, మూడు అంతస్తులూ అసలు కేకే పెడతాను. నీ మీద ఒట్టు" అన్నాడు మా తమ్ముడు, నా కూతురి పెళ్లి రోజు పొద్దున, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ. ఇరవై ఆరేళ్లయింది. ఆ సాయంత్రం హాలు నిండా జనం చూస్తుండగా నా కూతురు కత్తి పెట్టి నొక్కింది. దిగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కింది. క్రీము పెచ్చులా ఊడి లోపల చెక్క దిమ్మె కనబడింది. పక్కన నిలబడి మధ్య అంతస్తు కొయ్యమ్మా అని చెప్పింది నేనే. మూడింటిలో ప్రాణం పెట్టి చేసింది దాన్నే. మూడో వరసలో ఒక పెద్దమనిషి పకపకా నవ్వాడు. పదేళ్ల తర్వాత ఆయన పోతే పరామర్శకి వెళ్లాను. నేను నవ్వలేదు. మా ఇద్దరికీ అంతే తేడా.

కేకులు చేసేవాడి కూతురి పెళ్లిలో చెక్క కేకు! చెయ్యడం నా పని, రుచి చూసి, మోసుకెళ్లి, బల్ల మీద నిలబెట్టడం వాడి పని. మధ్యలో ఒక దిమ్మె పెడితే శ్రమ తగ్గుతుందని వాడెప్పుడూ అనేవాడు, నేనెప్పుడూ ఒప్పుకునేవాణ్ణి కాదు. అందుకే ఆ రోజు ఒట్టు వేయించుకున్నాను. మర్నాడు కొట్టు తాళంచెవి వాడి చేతిలోంచి లాక్కున్నాను. అప్పటినుంచి మాట లేదు.

ఇవన్నీ ఇవాళ తవ్వుకోవడానికి కారణం మనవరాలు. వచ్చీ రాగానే నా కుర్చీ చేతి మీద కూర్చుంది.

"తాతయ్యా, నా పెళ్లి కేకు నువ్వే చేస్తున్నావు."

"కొట్టు మూసి ఆరేళ్లయిందే పిచ్చిదానా."

"కొట్టేగా మూశావు. చేతులు మూయలేదుగా."

ఇరవై తొమ్మిదిన పెళ్లి. మూడు అంతస్తులు, మూడూ అసలువే. ఒకటే షరతు. బాదం, జీడిపప్పు, వేరుశెనగ, ఏదీ తగలకూడదు. అందులో తండ్రి పోలిక. "తుమ్ములూ దురదా అయితే ఓర్చుకుందును. గొంతు మూసుకుపోతుంది తాతయ్యా. నీకు గుర్తుంది కదా?"

గుర్తుందన్నాను. చేస్తానన్నాను. అది మెడ చుట్టూ చేతులు వేస్తే బాగానే ఉంది, అబద్ధమెందుకు.

మార్చి 4

ఆ రోజు నేను బాదం వేయలేదు.

ఇది ఇప్పుడెందుకు రాశానో తెలియదు.

మార్చి 6

ఇది ఎవరికీ చెప్పలేదు. జనవరిలో వచ్చిన జ్వరం పోతూ పోతూ నోటినీ ముక్కునీ వెంట తీసుకుపోయింది. కాఫీ అంటే వేడి. నిమ్మకాయ అంటే తడి. ఉల్లిపాయ తరిగితే కళ్లు ఏడుస్తాయి, ఎందుకో ముక్కుకి తెలియదు. ఇవాళ రెండు చెంచాల్లో ఉప్పూ పంచదారా పోసుకుని, కళ్లు మూసుకుని నాకాను. ఏది ఏదో పోల్చుకోలేకపోయాను. చివరికి గింజ లావుని బట్టి కనిపెట్టాను.

ఇంటినిండా పుస్తకాలే. చెవుడొచ్చాక సంగీతం కట్టినవాళ్ల గురించి చదివాను, చూపు పోయాక బొమ్మలు వేసినవాళ్ల గురించి చదివాను. వాళ్లకి లోపల వినిపించిందట, లోపల కనిపించిందట. అలా రాసినవాళ్లలో ఒక్కడికి ఒక్క పూట చెవుడొచ్చినా ఆ వాక్యం రాసి ఉండడు. నాకు లోపల ఏమీ రుచించడం లేదు.

అయినా చేతికి తెలుసు. యాభై ఏళ్ల చెయ్యి. నాలుక లేకపోతేనేం?

మార్చి 8

కూతురూ మనవరాలూ కలిసి నన్ను ఒక కేకు షాపుకి లాక్కెళ్లారు. "ఊరికే ఆకారాలు చూద్దాం నాన్నా" అంది కూతురు. ఊరికే అన్నప్పుడల్లా దానికేదో ఉద్దేశం ఉంటుంది. నా వల్ల కాకపోతే ఇక్కడ చేయించుకోవడానికి దారి చూసుకుంటున్నారు.

అంతా అద్దాలు, ఆస్పత్రి చలి. షాపావిడ ఫోటోల పుస్తకం తెరిచి, చొక్కాకి బొత్తాలు ఎన్ని అన్నంత మామూలుగా అడిగింది. "ఎన్ని అంతస్తులు అంకుల్? అందులో డమ్మీలు ఎన్ని?"

"డమ్మీ దేనికమ్మా?"

"ఫోటోకి అంకుల్. తినేది లోపల వేరేగా కోసి పంచుతాం. మీ రోజుల్లో ఉండేవి కావేమో."

"ఉండేవి" అన్నాను. కూతురు కిటికీలోంచి రోడ్డు చూసింది.

తర్వాత షాపావిడ పళ్లెంలో అయిదు ముక్కలు తెచ్చి పెట్టింది. అయిదూ తెల్లవే. రంగుని బట్టి చెబుదామంటే ఆ దారీ మూసేసింది. "తాతయ్యా, నువ్వు చెప్పు. నువ్వు చెబితే చెప్పినట్టే" అంది మనవరాలు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, తమ్ముడు చేసేట్టు పైకప్పు వంక చూసి, నాలుకతో రెండుసార్లు చప్పరించాను. తడిపిన దూది.

"నిమ్మ ఎక్కువైంది" అన్నాను.

"అది ఒట్టి వెనిలా అండీ" అంది షాపావిడ. అంకుల్ నుంచి అండీలోకి వచ్చింది.

"తాతయ్య మిమ్మల్ని ఆటపట్టిస్తున్నాడు" అని నవ్వింది మనవరాలు. కూతురు నవ్వలేదు. నన్నే చూసింది. మా ఆవిడ, లెక్కల టీచరు, పోయి ఆరేళ్లయింది గానీ ఆ చూపు మాత్రం కూతురికిచ్చి పోయింది. బళ్లో ముప్పై ఏళ్లు పిల్లల్నీ, ఇంట్లో నన్నూ ఆ చూపుతోనే దిద్దింది. జవాబు తప్పని తెలుసు, తప్పు ఏ మెట్టు దగ్గర జరిగిందా అని వెతికే చూపు.

మిగిలిన నాలుగు ముక్కలకీ "బాగుంది" అన్నాను. బాగుంది అనేవాణ్ణి ఎవరూ అనుమానించరు.

మార్చి 11

మొదటి ప్రయత్నం. మధ్యలో కుంగిపోయింది. ఓవెన్ది తప్పు.

మార్చి 12

రెండోది బాగా పొంగింది. పైన బంగారు రంగు, వేలితో నొక్కితే మళ్లీ లేచింది. చెయ్యి పోలేదు. కూతురు వచ్చి ఒక ముక్క తిని "బాగుంది నాన్నా" అంది.

అది వెళ్లాక చెత్తబుట్టలో పాత పేపరు కింద ఆ ముక్క కనబడింది. ఒక్క కొరుకే కొరికి ఉంది.

మార్చి 14

ఇవాళ్టి సంగతి రాయకూడదనుకున్నాను. రాయక తప్పేట్టు లేదు.

మూడో ప్రయత్నం పొద్దున్నే అయింది. మనవరాలు ఆఫీసుకి వెళ్తూ ఆగి, "ఇది నాది" అని ఒక ముక్క డబ్బాలో పెట్టుకుని పరిగెత్తింది. నేను గట్టు తుడుచుకుంటూ డబ్బాలు సర్దుతున్నాను. గోధుమపిండి డబ్బా పక్కన ఇంకో డబ్బా. అదే ఎత్తు, అదే మూత. మూత తీస్తే అదే రంగు పొడి. పాలల్లో కలుపుకోవడానికి పోయిన నెల నేనే తెచ్చుకున్న బాదంపొడి. రెండూ గట్టు మీదే ఉన్నాయి. రెండింటికీ మూతలు వదులుగా ఉన్నాయి. ఏ డబ్బాలోంచి ఎంత తీశానో గుర్తు చేసుకోబోతే ఒక్క చెంచా కూడా గుర్తు రాలేదు. వాసన చూశాను. ఏ మనిషైనా మొదట చేసే పని అదే కదా. ముక్కు డబ్బాలో పెట్టి పీల్చాను. ముక్కుకి పొడి అంటుకుంది, అంతే.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. చెప్పుల్లేకుండా వీధిలోకి వెళ్లి, ఆఫీసు ఎటో తెలియక వెనక్కి వచ్చాను. మళ్లీ చేశాను. గోడ గడియారం కింద నిలబడి పంతొమ్మిదిసార్లు చేశాను. ఇరవయ్యోసారి ఎత్తింది.

"మీటింగులో ఉన్నా తాతయ్యా, ఏమైంది?"

"తిన్నావా?"

"ఏంటి?"

"కేకే! తిన్నావా?"

"లేదు. దార్లో అమ్మ లాక్కుంది. ముందు తను తిని చూస్తానంది. ఎందుకలా అరుస్తున్నావు?"

ఏదో చెప్పాను. ఏం చెప్పానో తెలియదు. రెండు డబ్బాలూ బయట పారబోశాను. పిండి కూడా.

ముందు తను తిని చూస్తానంది. ఎందుకు?

మార్చి 15

మానేస్తున్నానని చెప్పడానికి మూడు ఉత్తరాలు రాసి చించాను. రాయడం వచ్చినవాడికి ఉత్తరం రాయడమే కష్టం, ప్రతి వాక్యమూ నటిస్తుంది. చెయ్యి విరిగితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని మెట్ల దగ్గర కాసేపు నిలబడ్డాను. కుడి చెయ్యా ఎడమ చెయ్యా అని ఆలోచించాను. పక్కింటావిడ పైకి వస్తూ "ఏం బాబాయిగారూ, మెట్లు లెక్కపెడుతున్నారా?" అంది. పన్నెండని చెప్పాను.

మార్చి 16

నా చేతికి తెలుసునన్న మాట అబద్ధం. కొలతలన్నీ లెక్కల టీచరు పుస్తకంలో ఉంటాయి. నేను చేసిన ప్రతి కేకుకీ ఆవిడ ఒక పేజీ రాసేది. ఏ అంతస్తుకి ఎంత పిండి, ఎన్ని గుడ్లు, ఎంతసేపు వేడి, అంతా గుండ్రటి అక్షరాల్లో. తప్పు పడితే చింపదు, దిద్దదు. ఒక గీత కొట్టి, పక్కన కారణం రాస్తుంది. బళ్లో అలవాటు.

అటక మీంచి దించి, మూడు అంతస్తుల కొలతల కోసం వెతుకుతూ కూతురి పెళ్లి పేజీ దగ్గర ఆగాను. ఇన్నేళ్లలో ఆ పేజీ ఎప్పుడూ తెరవలేదు. మొదటి అంతస్తు సరే. మూడోది సరే. రెండోదాని కింద పెన్సిలుతో ఒక వరస ఉంది. "బాదంపొడి రెండు గుప్పెళ్లు." ఆ కోడిగీతలు నావే. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత, పక్కన గుండ్రటి అక్షరాలతో ఒకే మాట.

తీసేశాం.

పెన్సిలుతో రాసినంత మాత్రాన వేసినట్టు కాదు. వేద్దామనుకుని మానేసి ఉండొచ్చు.

తీసేశాడు అని లేదు. తీసేశాం.

మార్చి 17

వాడి దగ్గరికి వెళ్లను.

మార్చి 18

వెళ్లను.

మార్చి 19

వెళ్లాను. రెండు బస్సులు మారి, పొద్దున్నే మళ్లీ చేసిన కేకు ముక్క డబ్బాలో పెట్టుకుని, సంచిలో ఆ పుస్తకం వేసుకుని. తలుపు వాడే తీశాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. నాకన్నా ముసలివాడిలా ఉన్నాడు. అందులో కాస్త తృప్తి కలిగింది, దాచను.

"ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదు."

"మరెందుకొచ్చావు?"

డబ్బా చాపాను. "రుచి చూడాలి."

"ఇరవై ఆరేళ్లకి వచ్చి, ఎలా ఉన్నావురా లేదు, మంచినీళ్లివ్వరా లేదు. రుచి చూడాలట దొరగారికి! లోపలికి తగలడు."

చిన్న తునక తుంచి నోట్లో వేసుకున్నాడు. పైకప్పు వంక చూశాడు. రెండుసార్లు చప్పరించాడు.

"ఉప్పు రెండుసార్లు వేశావు. పంచదార సగమే వేశావు. గుడ్డు మాత్రం బాగా గిలక్కొట్టావు. చెయ్యి ఉంది. నోరేమైంది?"

"పోయింది. జనవరిలో."

"నీకు నోరెప్పుడుంది పోవడానికి! ఉన్నన్నాళ్లూ తిట్టడానికే వాడావు. రుచి చూసింది నేనూ, నా తర్వాత వదినా. ఆవిడ పోగానే కొట్టెందుకు మూశావో ఊళ్లో నాకొక్కడికే తెలుసు."

పుస్తకం తెరిచి వాడి ముందు పెట్టి, ఆ మాట మీద వేలు పెట్టాను. "ఈ 'శాం'లో ఎవరెవరున్నార్రా?"

కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. "నేనూ, వదినా."

తర్వాత చెప్పాడు. కేకు మీద ఉబ్బిన భాగాన్ని కోసి చదును చేసి పేర్చడం, కోసిన ముక్క వాడు నోట్లో వేసుకోవడం, మా పద్ధతి. ఆ రోజు హాల్లో అంతస్తులు పేరుస్తూ రెండోదాని పైముక్క నోట్లో వేసుకున్నాడట.

"బాదం. మొదటి ముక్క పెళ్లికొడుకు నోట్లోనే కదా పెడతారు? అక్కడే పడిపోయేవాడన్నయ్యా. వదిన దగ్గరికి పరిగెత్తాను. వ్యానులో కొట్టు అద్దాల బీరువాలో పెట్టే దిమ్మె ఉంది. దానికి క్రీము పూశాం. అన్నయ్యకి చెబుదాం అన్నా. వద్దంది."

"ఎందుకు?"

"'నీ మీద కోపంతో ఆయన ఎన్నేళ్లైనా బతికేస్తారు. తన మీద తనకి కోపమొస్తే నెల బతకరు' అంది. తన మీద ఒట్టు వేయించుకుంది. కింద అంతస్తు కొయ్యమని పిల్లకి చెబుదామనుకున్నాం. ఈలోపే నువ్వు స్టేజీ ఎక్కి మధ్యది కొయ్యమ్మా అన్నావు."

"పొద్దున నా మీద ఒట్టేశావు కదరా."

"వేశా. మధ్యాహ్నం వదిన మీద వేశా. రెండూ ఎలా నిలబెట్టను? నువ్వు గట్టి పిండానివి, నీకేం కాదులే అనుకున్నా."

"ఆవిడ పోయి ఆరేళ్లయింది. అప్పుడైనా చెప్పచ్చుగా."

"మనిషి పోతే ఒట్టు పోతుందా?"

డబ్బాకి మూత పెట్టి నా వైపు తోశాడు. అప్పుడడిగాడు, చిన్నప్పుడు అడిగే గొంతుతో. "బాదం ఎందుకు వేశావన్నయ్యా? నీకు మూడుసార్లు చెప్పారు కదా?"

బస్సు టైమైందన్నాను. ఇంకా గంట ఉంది.

మార్చి 20

వేశాను.

అల్లుడికి పడకపోవడమంటే గారాబం అనుకున్నాను. బాదం లేని కేకు ఒట్టి రొట్టె అనుకున్నాను. రెండు గుప్పెళ్లకి ఏమవుతుందిలే అనుకున్నాను. నా కూతురి పెళ్లికి నేను చేసే కేకు ఎలా ఉండాలో ఎవడో కుర్రాడి గొంతు చెబుతుందా అనుకున్నాను. వేశాను.

మార్చి 25

తమ్ముడు మూటాముల్లెతో దిగాడు. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని నోరు తెరుస్తాడు, మూస్తాడు. "ఇంకో చిటికెడు." "చాలు." "చాలన్నానా? చెవి కూడా పోయిందా?" కొత్త పిండి, కొత్త డబ్బాలు. ప్రతి డబ్బా మీదా పేరు రాసిన కాగితం అంటించాడు. నీళ్ల బిందె మీద కూడా నీళ్లు అని అంటించాడు, వెధవ.

మార్చి 28

మూడూ అయ్యాయి. పైభాగాలు కోసి చదును చేశాను. కోసిన మూడు ముక్కలూ వాడు వరసగా తిన్నాడు. రెండోదాన్ని చాలాసేపు నమిలాడు. నేను గట్టు పట్టుకుని నిలబడ్డాను.

"బాగుంది" అన్నాడు.

ఆ మాట వాడి నోట విని ఇరవై ఆరేళ్లయింది.

మార్చి 29

పెళ్లి అయిపోయింది. మర్చిపోకముందే రాసుకోవాలి.

హాల్లో బల్ల ఒక పక్కకి ఒరిగి ఉంది. తమ్ముడు వంగి ఒక శుభలేఖ మడిచి కాలు కింద తోశాడు. మూడు అంతస్తులూ పేర్చాం. అంచుకి అంటిన క్రీముని తడివేలితో తుడిచాడు. నేను నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూశాను. తెల్లగా, నిటారుగా, ఒక్క పువ్వు లేకుండా నిలబడింది. షాపావిడ చూస్తే ఇందులో డమ్మీలు ఎన్ని అని అడిగేది.

మనవరాలు కత్తి పట్టుకుని "ఏది కొయ్యను తాతయ్యా?" అంది. కూతురు వచ్చి దాని చేతి మీద చెయ్యి వేసి, కత్తిని మధ్య అంతస్తు మీద ఆనించింది. నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడేమీ రాలేదు. దిగే కత్తికి చప్పుడుండదు. కళ్లు తెరిచేసరికి పిడిదాకా దిగి ఉంది.

అందరూ చప్పట్లు కొట్టారు. పెళ్లికొడుకు మనవరాలి నోటికి ముక్క అందించబోతుంటే అల్లుడు ముందుకొచ్చాడు. "ఆగమ్మా, ముందు నాకు." ఇన్నేళ్లలో నా చేతి కేకు ఆయన ఒక్కసారి తినలేదు. ఎప్పుడు పెట్టినా "కడుపు నిండుగా ఉంది మామయ్యగారూ" అనేవాడు. పొగరనుకునేవాణ్ణి. ఇవాళ ముక్క చేతిలోకి తీసుకుని నా వంక చూడలేదు. తమ్ముడి వంక చూశాడు. తమ్ముడు కళ్లు మూసి తల ఊపాడు. అప్పుడు తిన్నాడు. కూతురు ఆయన మెడవంకే చూస్తూ నిలబడింది. కాసేపయ్యాక, ఆయన నవ్వాక, పిల్లకి పెట్టారు.

కూతుర్ని పక్కకి పిలిచాను. "నీకెప్పట్నుంచి తెలుసే?"

"దేని గురించి నాన్నా?"

"రెండో అంతస్తు."

పమిట అంచు వేలికి చుట్టుకుంది. "పాప పుట్టినప్పుడు అమ్మ చెప్పింది. మీ నాన్న ఏం చేసిపెట్టినా ముందు నువ్వు తిని చూడు, తర్వాతే పిల్లకీ మీ ఆయనకీ పెట్టు అంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"అమ్మ ఒట్టు వేయించుకుంది నాన్నా."

అందరి చేతా వేయించుకుంది.

మార్చి 30

తమ్ముడి మీద కోపం పోయింది. లోపలంతా వెతికాను, లేదు. వాడు వంటింట్లో ఏదో మాడుస్తున్నాడు. చూసి చెప్పింది కూతురే, నాకు వాసన తెలియదు కదా. నవ్విన పెద్దమనిషి మీద కూడా లేదు. చెక్క కేకుకి నేనైనా నవ్వేవాణ్ణే.

నా మీద ఉంది. ఎంత ఉందో ఇంకా తూచలేదు. నెల బతకనని లెక్క కట్టింది కదా. తెలిసి పదకొండు రోజులైంది. ఇంకా ఉన్నాను. ఇంకో పంతొమ్మిది రోజులు గడిస్తే ఆవిడ లెక్క ఒక్కసారైనా తప్పిందని రుజువవుతుంది. గడుస్తాయో లేదో తెలియదు. గడపాలని ఉందో లేదో కూడా తెలియదు.

ఇరవై ఏళ్లు నా పక్కన కూర్చుని, నేను తమ్ముణ్ణి తిడుతుంటే ఉల్లిపాయలు తరుగుతూ వింది. నేను చేసిన ప్రతి కేకూ ముందు తను తిని బాగుందంది. రుచి కోసం తింటోందనుకున్నాను. నన్ను కాపలా కాసింది. ఒక్క మాట చెబితే ఏం పోయేది? నిజంగానే చచ్చేవాణ్ణా? ఏమో, ఆవిడకి తెలిసినంతగా నేను నాకు తెలియదు. కానీ నన్నంత చిన్నవాడిగా లెక్క వేసి, ఆ జవాబు కింద రెండు గీతలు గీసి, అడగడానికి వీల్లేకుండా పోయింది. చెప్పి ఉంటే తమ్ముడు నాకు మిగిలేవాడు. అల్లుడి ముందు తల ఎత్తుకునే దారి ఏదో వెతుక్కునేవాణ్ణి. ఆవిడ ముందైనా ఒకసారి ఏడ్చేవాణ్ణి.

నిన్న అందరూ తిన్నాక నేనూ ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. పైకప్పు వంక చూశాను. రెండుసార్లు చప్పరించాను. ఏమీ లేదు. ఎలా ఉందో చెప్పేవాళ్లు చుట్టూ వందమంది ఉన్నారు. అడగాలనిపించినవాళ్లు లేరు.

ఆ పేజీ మళ్లీ తెరిచాను. ఇన్నేళ్లూ మనసులో దాని మీద తమ్ముడి పేరు రాసుకున్నాను. ఇవాళ గీత కొట్టేశాను. కొట్టేస్తే పక్కన కారణం రాయాలి, ఈ ఇంట్లో అది నియమం. నా పేరు రాయడానికి ఆవిడ చోటు ఉంచలేదు. ఎర్ర సిరా దొరకలేదు, పెన్సిలుతోనే రాశాను.

తప్పు లెక్కల టీచరుది.